పెళ్ళి చేస్తే కుదురుకుంటాడా? – జాన్ న్యూటన్, మేరీల సంసారము



పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అని మన పెద్దలు చమత్కారముగా చెప్పుకునేవారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉన్న తల్లిదండ్రులకు అది నవ్వులాట కాదు. కుర్రవాడు మంచివాడే, కాస్త తిరుగుబోతు, ఇద్దరూ ఇష్టపడ్డారు, మూడు నెలలు గడిస్తే అన్నీ సర్దుకుంటాయి అని మధ్యవర్తులు అంటారు. బెంగుళూరులోనైనా, బరంపురములోనైనా, షోలాపూరులోనైనా, యానాములోనైనా ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. నిజముగా సర్దుకుంటాయా? మోజుపడి వెంట తిరిగినవాడు నమ్మకమైన భర్తగా ఎదగగలడా? ఎదిగితే దేనివలన, ఎన్నాళ్ళకు?

దీనికి ఉపదేశముతో జవాబు చెప్పడం కంటె ఒక మనిషి జీవితము తీసి చూడడం మేలని మాకు తోచింది. ఆ మనిషి జాన్ న్యూటన్. అమేజింగ్ గ్రేస్ పాట వ్రాసిన దైవజనుడుగా ఆయనను మనమందరము ఎరుగుదుము. ఓడ, తుఫాను, బానిసల వ్యాపారము, మారుమనస్సు, ఈ వరుస సండేస్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. ఆ కథలో మనము ఒక మూల నిలబెట్టి వదిలేసే మనిషి ఒకామె ఉన్నది. ఆమె పేరు మేరీ కాట్లెట్. ఇంట్లో పాలీ అని పిలిచేవారు. ఆమెను మధ్యలోకి తెచ్చి చూస్తే ఆ కథ వేరుగా కనబడుతుంది.

న్యూటన్ 1725 జూలై 24న లండనులో వాపింగ్ అనే రేవు పేటలో పుట్టాడు. తండ్రి మధ్యధరా సముద్రములో వర్తక ఓడ నడిపే కెప్టెన్. ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు బిగువు మనిషి. తల్లి ఎలిజబెత్ భక్తిగలది. ఆమెకు క్షయ వచ్చి, కెంట్ జిల్లా చాతమ్ పట్టణములోని స్నేహితురాలు కాట్లెట్ గారి ఇంటికి వెళ్ళి, కొడుకుకు ఏడేళ్ళు నిండకముందే 1732లో అక్కడ కన్నుమూసింది. ఆ ఇంట్లో అప్పటికి మూడేళ్ళ పసిపిల్ల ఉన్నది. పెద్దయ్యాక వీళ్ళిద్దరికీ ముడివేద్దామని ఆ ఇద్దరు తల్లులు అనుకునేవారట. ఉయ్యాలలోనే ఖాయము చేసుకునే సంబంధాలు మనకు కొత్త కావు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోగా ఆ రెండు ఇళ్ళ రాకపోకలు ఆగిపోయాయి. పదకొండవ యేట తండ్రి కొడుకును ఓడ ఎక్కించాడు.

1742 డిసెంబరులో, పదిహేడేళ్ళ వయసులో, న్యూటనుకు ఒక మంచి అవకాశము వచ్చింది. లివర్‌పూల్ వర్తకుడు జోసెఫ్ మానెస్టీ తండ్రికి స్నేహితుడు. ఆయన ఈ కుర్రవాణ్ణి జమైకా ద్వీపానికి పంపి, కొన్నేళ్ళలో స్థిరపడేటట్లు చేస్తానన్నాడు. (ఆ స్థిరపాటు కూడా బానిసల చెమటతో నడిచే చోటనే అని మరువకూడదు.) ఓడ బయలుదేరే లోపల ఏదో పనిమీద కెంటుకు వెళ్ళి, దారిలో కాట్లెట్ వారి ఇంట దిగాడు. మేరీని చూశాడు. ఆమెకు పదునాలుగేళ్ళు ఇంకా నిండలేదు. అంత చిన్నపిల్ల మీద మనసు పడడము నేటి మన దృష్టికి తప్పే, అందులో సందేహము లేదు. అతడు పైకి ఏమీ అనలేదు. మూడు రోజులు ఉండి వెళ్ళవలసినవాడు మూడు వారాలు ఉండిపోయాడు. ఓడ వెళ్ళిపోయింది. తండ్రి కుదిర్చిన ఉద్యోగము పోయింది.

ఇలాటి సంగతులు వింటే యౌవనస్థులకు ముచ్చటగా ఉంటుంది. మాకు అంత ముచ్చటగా లేదు. మనసు పడ్డ పిల్ల కోసం ఉద్యోగము వదులుకోవడము సులువు. ఆ పిల్లను పోషించడానికి ఉద్యోగము నిలబెట్టుకోవడము కష్టము. రెండవది అతనికి అప్పుడు తట్టనే లేదు. మరుసటి యేడు వెనిస్ ప్రయాణము నుండి వచ్చి మళ్ళీ అదే ఇంట దిగి, మళ్ళీ అట్లాగే రోజులు మించి ఉండిపోయి, తండ్రి చూపిన ఇంకొక పని పోగొట్టుకున్నాడు.

ఇక్కడ మేరీ తల్లిగారు చేసిన పని మాకు చాలా నచ్చింది. కుర్రవాడి వరస కనిపెట్టి ఆమె కేకలు వేయలేదు, పిల్లను గదిలో పెట్టి తాళమూ వేయలేదు. ఇద్దరికీ తగిన వయసు, బ్రతుకుతెరువు, పెద్దల అంగీకారము ఉంటే తనకు అభ్యంతరము లేదనీ, ఇప్పుడున్న స్థితిలో మాత్రము ఈ ఆశ మానుకోవడమో, తండ్రిగారి స్పష్టమైన అనుమతి తేవడమో చేసేదాకా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఈ గడప తొక్కవద్దనీ చెప్పింది. తలుపు మూసింది గాని గొళ్ళెము వేయలేదు. ఈ షరతు తీరడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది.

ఆ ఆరేళ్ళలో ఏమి జరిగిందో చూస్తే, ప్రేమ ఎంత చేయగలదో, ఏమి చేయలేదో తెలుస్తుంది.

1744లో రాజుగారి యుద్ధనౌకలకు మనుషులను బలవంతముగా పట్టుకుపోయే ముఠా అతణ్ణి పట్టి హార్విచ్ అనే నౌకలో వేసింది. తండ్రి పలుకుబడితో చిన్న అధికారి హోదా దొరికింది. కొద్ది గంటల సెలవు దొరికితే మళ్ళీ చాతమ్ వెళ్ళి, సెలవు మించి ఉండి, కెప్టెన్ మనసు విరిచాడు. నౌక తూర్పు ఇండియా సముద్రాలకు ఐదేళ్ళ పనిమీద వెళ్తుందని తెలిసింది. ఐదేళ్ళు మేరీని చూడకుండా ఉండలేక 1745లో ప్లిమత్ రేవులో పారిపోయాడు. అప్పుడు అతణ్ణి పంపినది తక్కిన నావికులు పారిపోకుండా కాపలా కాయడానికి! సైనికులు పట్టుకొని వీధుల వెంట నడిపించి తెచ్చారు. సంకెళ్ళు వేశారు, అందరి ముందు బట్టలు విప్పించి కొరడాలతో కొట్టారు, హోదా తీసివేశారు. కెప్టెనును చంపి తాను సముద్రములో దూకాలన్నంత కసి పుట్టింది. తన చేతిని ఆ రోజుల్లో ఆపినది దైవభయము కాదని, తాను పోయాక మేరీ తన్ను నీచునిగా తలుస్తుందన్న ఒక్క తలంపే అని తరువాత వ్రాసుకున్నాడు. అప్పటికి అతనికి దేవునియందు నమ్మకము లేదు, ఉన్నవారిని చెరపడం కూడా అలవాటైంది.

కాబట్టి ఆ ప్రేమ ఉత్తది కాదు. ఒక హత్యను, ఒక ఆత్మహత్యను ఆపింది. అయితే అదే ప్రేమ అతణ్ణి పవిత్రునిగా ఉంచిందా? ఉంచలేదు. మదీరా ద్వీపము దగ్గర అతణ్ణి ఆఫ్రికాకు పోయే ఒక బానిసల ఓడలోనికి మార్చినప్పుడు, ఇక్కడ తెలిసిన ముఖము ఒక్కటీ లేదు, ఇక ఇష్టము వచ్చినట్లు తిరగవచ్చు అని లోలోపల సంతోషించినట్టు తానే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు చదివి మేము కొంతసేపు పుస్తకము మూసి కూర్చున్నాము. గుండెలో మేరీ బొమ్మ ఉన్నది, కళ్ళ ముందు తెలిసినవారు లేరు. ఆ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉన్నాయి. ఆమె కోసం ప్రాణము ఇవ్వడానికి సిద్ధముగా ఉన్నవాడు ఆమె కోసం తన శరీరమును కాపాడుకోవడానికి సిద్ధముగా లేడు.

సియెర్రా లియోన్ తీరములోని ప్లాంటేన్ దీవులలో ఒక తెల్ల బానిస వ్యాపారి దగ్గర చేరి, జబ్బుపడి, ఆ వ్యాపారితో ఉన్న ఆఫ్రికా స్త్రీ చేతిలో నానా అగచాట్లు పడ్డాడు. ఆకలికి రాత్రిపూట తోటలోని దుంపలు పీకి పచ్చివే తిన్నాడు. అంత దుస్థితిలో కూడా దగ్గరున్న యూక్లిడు జ్యామితి పుస్తకము తీసుకొని సముద్రపు ఒడ్డుకు పోయి, ఇసుకలో కర్రతో త్రిభుజాలు, వృత్తాలు గీసి మొదటి ఆరు భాగాలు నేర్చుకున్నాడు. బళ్ళో పాఠము చెప్పినవారికి ఈ సంగతి చదివితే ప్రాణము లేచి వస్తుంది. పట్టుదల అతనిలో లేకపోలేదు. అది లెక్కల మీద కుదిరింది, నడవడి మీద కుదరలేదు.

తరువాత మరో యజమాని దగ్గర కాస్త సుఖము దొరికింది, వ్యాపారములో వాటా కూడా దొరికింది. ఇంగ్లండుకు తిరిగి పోవాలన్న కోరిక మెల్లగా చల్లారింది. 1747లో తండ్రి కోరిక మీద మానెస్టీ గారి గ్రేహౌండ్ ఓడ వెదుక్కుంటూ వచ్చినప్పుడు, అతడు రానని అన్నంత పని చేశాడు. యేటా నాలుగు వందల పౌనుల ఆస్తి వచ్చిందని కెప్టెన్ ఒక అబద్ధము ఆడాడు. దానికంటె మేరీ జ్ఞాపకమే అతణ్ణి ఓడ ఎక్కించింది. రెండవ మారు కూడా ఆ ప్రేమ అతణ్ణి ఒడ్డు నుండి లాగింది. ఓడ ఎక్కిన తరువాత అతని నోరు మాత్రము ఎప్పటిలాగే ఉన్నది. కెప్టెనే అతని దూషణలు వినలేక భయపడేవాడు.

1748 మార్చి తుఫాను మీకు తెలిసినదే, పొడిగించము. ఓడ పక్క పగిలి నీళ్ళు నిండాయి. సరుకులో తేనెమైనము, తేలిక కలప ఉండబట్టి మునగలేదు. నాలుగు వారాలు ఆకలితో కొట్టుకొని ఐర్లండు చేరారు. ఆ రోజును, కొత్త క్యాలెండరు ప్రకారము మార్చి 21ని, ఆయన జీవితాంతము పాటించాడు. మన ప్రసంగాలలో కథ ఇక్కడ ముగుస్తుంది. తుఫాను వచ్చింది, మనిషి మారాడు, పాట పుట్టింది! నిజానికి ఆ పాట పుట్టడానికి ఇంకా సుమారు ఇరవై అయిదేళ్ళు ఉన్నది, మనిషి కుదురుకోవడానికి కూడా చాలా కాలమే ఉన్నది.

లివర్‌పూల్ చేరాక మేరీ పినతల్లి ద్వారా కబురు పంపాడు. మేరీ జవాబు జాగ్రత్తగానే ఉన్నది గాని ఆశ త్రుంచలేదు. ఇంతలో తండ్రిగారు హడ్సన్ బే ప్రాంతానికి అధికారిగా వెళ్తూ, చాతమ్ వెళ్ళి కాట్లెట్ వారిని కలిసి ఈ పెళ్ళికి సమ్మతి ఇచ్చి వెళ్ళారు. (ఆయన తిరిగి రాలేదు. 1750లో అక్కడ స్నానానికి దిగి మునిగిపోయారు.) మేరీ తల్లి పెట్టిన షరతులలో పెద్దది తీరింది. ఇక కావలసినది బ్రతుకుతెరువు. దానికోసం బ్రౌన్‌లో అనే బానిసల ఓడలో రెండవ అధికారిగా ఆఫ్రికా వెళ్ళాడు.

ఈ ప్రయాణములోనే, తుఫాను నుండి రక్షింపబడి ఏడాది తిరగకముందే, పెళ్ళి ఆశ చేతికి అందిన తరువాత, అతడు మళ్ళీ జారిపోయాడు. ప్రార్థన పోయింది. మునుపటి దురభ్యాసాలన్నీ తిరిగి పట్టుకున్నాయని, దాదాపు పూర్వపు స్థితికే వచ్చానని తానే వ్రాశాడు. వివరాలు వ్రాయలేదు. బానిసల ఓడలో సంకెళ్ళు వేసిన స్త్రీల మధ్య అధికారము గల యౌవనుడు మునుపటి దురభ్యాసాలు అంటే ఏమిటో చరిత్రకారులు ఊహించారు, పాఠకులూ ఊహించగలరు. ఆ స్త్రీలకు కాదనే హక్కు లేదు గనుక దానిని వ్యభిచారము అనడం కూడా చాలదు. అది దౌర్జన్యము. తీవ్రమైన జ్వరము వచ్చి ప్లాంటేన్ దీవిలో పడిపోయినప్పుడు, నడవలేక నడవలేక ఒక మూలకు పోయి ప్రార్థించి, అప్పటినుండి ఆ పాపములోనికి తిరిగి వెళ్ళలేదని ఆయన సాక్ష్యము. అంతటి తుఫానుకు లొంగనిది ఆ జ్వరానికి లొంగింది.

1749 చివర ఇంగ్లండు చేరి మేరీని అడిగాడు. ఆమె అడగగానే ఔననలేదు. చివరకు ఒప్పుకున్నది. 1750 ఫిబ్రవరి 1న రోచెస్టరులోని సెయింట్ మార్గరెట్స్ చర్చిలో వివాహము జరిగింది. వరునికి ఇరవై నాలుగేళ్ళు, వధువుకు ఇరవై ఒకటి నిండబోతున్నాయి. ఆమెను మొదట చూసి ఏడేళ్ళు దాటింది.

పెళ్ళితో కుదిరాడా? కొంత కుదిరాడు, కొంత కుదరలేదు. మళ్ళీ సముద్రము మీదకు వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోవాలన్న ఆశతో లాటరీ టిక్కెట్లు కొన్నాడు. డబ్బు పోయి అప్పు మిగిలింది. భార్యతో కలిసి ప్రార్థించడానికి, విశ్వాసమును గురించి ఆమెతో మాట్లాడడానికి మొదట్లో సిగ్గుపడ్డాడు. ఆమె మీద ఉన్న మక్కువలో దేవుణ్ణే మరచిపోతున్నానని, ఆమెను విగ్రహముగా చేసుకున్నానని తరువాత బాధపడ్డాడు. చివరకు అప్పు తీర్చడానికి మళ్ళీ ఓడ ఎక్కాడు, ఈసారి కెప్టెనుగా. 1750 నుండి 1754 వరకు డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అనే ఓడలోను, ఆఫ్రికన్ అనే ఓడలోను మూడు ప్రయాణాలు చేశాడు. ప్రతిసారి ఏడాదికి కొంచెము అటూ ఇటూ భార్యకు దూరముగా ఉండడమే.

గల్ఫు దేశాలలో, ఓడలమీద, రైల్వే పనులమీద భర్తలు ఉండగా ఇల్లు నడుపుకొనే సహోదరీలు మన సంఘాలలో తక్కువేమీ లేరు. వారు ఈ భాగము శ్రద్ధగా చదవాలని మా కోరిక. ఆ భర్తలు ఇంకా శ్రద్ధగా చదవాలి. అతడు వారానికి రెండు మూడు సార్లు భార్యకు ఉత్తరము వ్రాసేవాడు. రోజూ టపా పోయే రోజులు కావు అవి. ఎదురువచ్చే ఓడ దొరికినప్పుడు కట్టగా ఇచ్చి పంపడమే. చేరుతుందో లేదో తెలియదు. అయినా వ్రాసేవాడు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఓడలో స్త్రీలందరి మీద తనకు అడ్డులేని అధికారము ఉన్నది గనుక, తన స్వభావము తనకు తెలుసు గనుక, ప్రయాణము మొదలు పెట్టిన నాటినుండి మాంసము మానివేసి, మంచినీళ్ళు తప్ప మరేమీ త్రాగకుండా, శరీరమును అదుపులో పెట్టుకొన్నానని ముసలితనములో స్నేహితులతో చెప్పాడు. సముద్రపు చలిలో, సారా లేనిదే పూట గడవని నావికుల నడుమ ఇది చిన్న విషయము కాదు. మేరీ మీద ప్రేమ ఇప్పుడు కొత్తగా పుట్టలేదు, పదేళ్ళ నుండి ఉన్నదే. కొత్తగా వచ్చినది తన్ను తాను నమ్మకపోవడము, దానికి తగిన కట్టుబాటు చేసుకోవడము. తెలిసిన ముఖము లేదని సంబరపడిన అదే తీరములో, ఎవరూ చూడకపోయినా కంచము మార్చుకున్నాడు.

ఇంత చెప్పి, దీని రెండవ వైపు చెప్పకపోతే దైవభక్తుని పేరుతో అబద్ధము వ్రాసినవారము అవుతాము. ఆ ప్రేమలేఖలు వ్రాసిన బల్ల క్రింద, ఓడ అడుగున, ఇంకొకరి భార్యలు ఉన్నారు. 1753 జనవరిలో ఒక నావికుడు నిండు గర్భిణి అయిన ఒక బానిస స్త్రీని అందరి ఎదుట చెరచాడు. న్యూటన్ అతనికి సంకెళ్ళు వేసి, ఆ సంగతి ఓడ దినచర్యలో వ్రాశాడు. ఆ తల్లి పేరు వ్రాయలేదు. ఆమె నెంబరు 83 అని వ్రాశాడు. ఆమె భర్త ఎక్కడ ఉన్నాడో, అతడు కూడా సముద్రము వైపు చూస్తూ ఉన్నాడేమో ఆ కెప్టెనుకు తట్టలేదు. తన భార్య యెడల నమ్మకస్థుడైనవాడు ఇతరుల కాపురాలు విడదీసి అమ్మే వ్యాపారములో తప్పు చూడలేకపోయాడు. ఒక మనిషి ఒక చోట ఎదిగి మరొక చోట అట్లాగే ఉండిపోవచ్చు.

1754 నవంబరులో మరో ప్రయాణానికి రెండు రోజులు ఉందనగా, భార్యతో కూర్చొని టీ త్రాగుతూ మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఒక గంటసేపు తెలివి లేదు. వైద్యులు వద్దనగా ఓడ వదిలాడు, మళ్ళీ ఎన్నడూ ఎక్కలేదు. అది చూసిన బెదురుతో మేరీ మంచము పట్టి దాదాపు ఏడాది లేవలేదు. ఏళ్ళ తరబడి ఆమె ఎదురు చూసింది. ఇప్పుడు ఆమె మంచము దగ్గర కూర్చోవడము అతని వంతు అయింది. 1755లో లివర్‌పూల్ రేవులో సుంకము శాఖ ఉద్యోగము దొరికింది. ఇంటిపట్టున ఉండి నెలజీతము తెచ్చే భర్త ఆమెకు పెళ్ళయిన అయిదేళ్ళకు దొరికాడు.

ఇంతవరకు అతడు అంటూ వచ్చాము. ఇక ఆయన అనడము న్యాయము. సేవకు పిలుపు కలిగినా ఇంగ్లండు సంఘపు పెద్దలు ఆరేళ్ళు త్రిప్పి 1764లో అభిషేకమిచ్చి, ఓల్నీ అనే పేద ఊరికి పంపారు. జీతము యేటికి సుమారు అరవై పౌనులు. లేసు అల్లుకొని బ్రతికే బీదవారు సంఘస్థులు. తన పాత జీవితమును దాచకుండా అదే యేడు అచ్చు వేయించారు. ఆ పుస్తకము చదివి ఊరివారు కాపరిని వింతగా చూసేవారట. భర్త పాత పాపాలు ఊరంతా చదువుతుండగా ఆ ఊరి బజారులో నడిచినది మేరీ అని కూడా మనము గుర్తు చేసుకోవాలి. మతి చెడిన కవి విలియం కూపర్ 1773లో వారి ఇంటికి వచ్చి ఇంచుమించు పదమూడు నెలలు కదలలేదు. ఆయనను కనిపెట్టుకొని ఉండడములో ఆమె భాగము కూడా పెద్దదే. ఆ యేటి నూతన సంవత్సర ఆరాధన కోసమే ఆయన అమేజింగ్ గ్రేస్ వ్రాసినది. వారికి పిల్లలు కలగలేదు. మేరీ సోదరుని కుమార్తె, తల్లిదండ్రులు లేని బెట్సీని 1774లో తెచ్చి పెంచుకున్నారు. 1783లో మేరీ చెల్లెలి కూతురు ఎలైజాను కూడా తెచ్చుకున్నారు, ఆ పిల్ల రెండేళ్ళకు క్షయతో చనిపోయింది. పిల్లలు కలగలేదని భార్యను నొప్పించే ఇళ్ళు మనకు తెలియనివి కావు గనుక ఇది వ్రాస్తున్నాము.

మన బాప్టిస్టు వారికి ఈయనతో ఒక సంబంధము ఉన్నది. బాప్టిస్టు కాపరి జాన్ రైలాండుకు ఈయన ఏళ్ళ తరబడి ఉత్తరాలు వ్రాశారు, పెళ్ళి విషయములో సలహా కూడా చెప్పారు. ఆ రైలాండే 1783లో విలియం కేరీకి బాప్తిస్మమిచ్చినవాడు. కేరీ గారి శ్రీరాంపూరు ముద్రణాలయములో 1818లో మన తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది.

1780లో లండను సెయింట్ మేరీ వుల్నాత్ చర్చికి మారారు. 1788లో రెండు సంగతులు జరిగాయి. ఆఫ్రికా బానిసల వ్యాపారము మీద తన పుస్తకము ప్రచురించి, ఆ ఓడలలో స్త్రీలకు జరిగినది ఏమిటో, అందులో తన పాలు ఏమిటో, సిగ్గుతో ఒప్పుకున్నారు. సముద్రము వదిలిన ముప్పై నాలుగేళ్ళకు! ఆలస్యమే. 83వ నెంబరు తల్లికి దానివలన ఏమీ ఒరగలేదు. అయినా ఆ సాక్ష్యము ప్రభుత్వము ముందు, పార్లమెంటు ముందు నిలిచింది.

రెండవది, మేరీ రొమ్ములో గడ్డ. భర్త బెంగపెట్టుకుంటాడని ఆమె ఆయనకు చెప్పకుండా వైద్యునికి చూపించుకున్నది. అప్పటికే కోసి తీసే దశ దాటిపోయింది. రెండేళ్ళకు పైగా ఆమె బాధపడింది. చివరి నెలల్లో వెన్నునొప్పితో ప్రక్కమీద కదలలేకపోయింది. కొద్ది రోజులు ప్రార్థన మీద కూడా ఆమెకు మనసు విరిగింది. ఆయన అది చూసి కలతపడ్డారు గాని ఆమెను గద్దించలేదు. 1790 డిసెంబరు 15 రాత్రి చేతిలో కొవ్వొత్తి పట్టుకొని, గంటల తరబడి ఆమె ముఖము చూస్తూ, ఆఖరు శ్వాస దాకా ప్రక్కన ఉన్నారు. హబక్కూకు మూడవ అధ్యాయము చివరి వచనాల మీద ఆయన చాలా ఏళ్ళు ప్రసంగించలేదు. ఆమె తనకంటె ముందు పోతే చెప్పడానికని దాచి ఉంచారు. ఆమె సమాధి ప్రసంగము దానిమీదనే చేశారు.

1793లో తన ఉత్తరాలు రెండు సంపుటాలుగా అచ్చు వేయించారు. భార్యాభర్తల సొంత మాటలు బజారులో పెట్టడమేమిటని మాకు కొంచెము అనిపించింది. చదివాక ఆ అభిప్రాయము సగము తగ్గింది. యేటా డిసెంబరు 15 వచ్చినప్పుడు ఆమె పేర కొన్ని పద్యాలు వ్రాసుకునేవారు. పెంపుడు కూతురు బెట్సీకి 1801లో మతి చెడి బెత్లెం ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చినప్పుడు, డెబ్బై ఆరేళ్ళ ముసలాయన రోజూ ఆ గోడ దగ్గరకు నడిచిపోయి, చూపు ఆననందున వెంట ఉన్నవారిని అడుగుతూ, ఆమె కిటికీ వైపు తెల్ల రుమాలు ఊపేవారు. అటునుండి ఆమె ఊపిందని వారు చెప్పేదాకా కదిలేవారు కాదు. బెట్సీ కోలుకొని, పెళ్ళి చేసుకొని, ఆయన చివరి రోజులలో చూసుకున్నది.

ఆయన 1807 డిసెంబరు 21న మరణించారు. బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించినది ఆ యేడే. తన సమాధి ఫలకము మీద ఏమి చెక్కాలో ఆయన ముందే వ్రాసి ఉంచారు. తాను ఒకప్పుడు అవిశ్వాసి అనీ, నీతి తప్పి తిరిగినవాడననీ అందులో మొదటనే ఉన్నది. క్రింద, 1750 ఫిబ్రవరి 1న మేరీని వివాహమాడినట్టు, 1790 డిసెంబరు 15న ఆమెను ఇచ్చినవానికే తిరిగి అప్పగించినట్టు ఉన్నది. ఇద్దరినీ మొదట లండను చర్చి క్రింద పాతిపెట్టారు. 1893లో ఆ పెట్టెలను అక్కడినుండి తీసి ఓల్నీకి తెచ్చి, చర్చి ఆవరణలో ఒకే సమాధిలో ఉంచారు.